వల కోసెయ్యమంటే కోస్తారా? వేల్ షార్క్ కథ



ఇవాళ ఒక ప్రశ్నతో మొదలుపెడతా. మీరు సముద్రంలో వేటకెళ్లే మనిషి అనుకోండి. రాత్రంతా బోటు మీదే ఉన్నారు. డీజిల్‌కి అప్పు చేశారు, ఐస్‌కి అప్పు చేశారు. తెల్లారుతుండగా వల లాగుతుంటే బాగా బరువుగా తగిలింది. అబ్బ, ఇవాళ పండగే అనుకున్నారు. తీరా చూస్తే లోపల బస్సంత చేప ఒకటి చుట్టుకుపోయి ఉంది. ఒళ్లంతా తెల్ల చుక్కలు. మిమ్మల్ని ఏమీ అనదు, కరవదు, అలా చూస్తూ ఉంటుంది అంతే. దాన్ని వదలాలంటే ఒక్కటే దారి. మీ వల మీరే కోసుకోవాలి. ఆ వల మీ చేతిలో ఉన్న పెద్ద ఆస్తి.

కోస్తారా?

ఇది నేను ఊహించి అడుగుతున్న ప్రశ్న కాదు. గుజరాత్ తీరంలో దాదాపు ఇరవై ఏళ్లుగా మత్స్యకారులు ఈ పని నిజంగానే చేస్తున్నారు. అలా వదిలేసిన వేల్ షార్క్‌లు ఇప్పటికి 900కు పైనే. అంతకుముందు ఇదే తీరంలో, ఇదే చేపని వెంటపడి మరీ చంపేవాళ్లు. మధ్యలో ఏం జరిగింది? అది చెప్పాలంటే ముందు ఈ చేప గురించి కొంచెం తెలియాలి. ఎందుకంటే వల కోయడం ఎందుకు అంత ముఖ్యమో దాని ఒంట్లోనే ఉంది.

ఫస్ట్, పేరు. వేల్ అని పేరులో ఉంది కాబట్టి తిమింగలం అనుకోకండి. మన వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కడ పెద్ద చేప కనిపించినా "తిమింగలం కొట్టుకొచ్చింది" అని ఫార్వర్డ్ చేసేస్తారు. తిమింగలం మనలాంటిదే, ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది, పిల్లలకి పాలిస్తుంది. వేల్ షార్క్ సొర. మొప్పలతో ఊపిరి తీసుకునే అసలు సిసలు చేప. తేడా కనిపెట్టడం చాలా ఈజీ. తోక చూడండి. తోక నిలువుగా ఉండి కుడికీ ఎడమకీ ఊగితే అది చేప. పరిచినట్టు అడ్డంగా ఉండి పైకీ కిందికీ ఆడితే అది తిమింగలం లేదా డాల్ఫిన్. ఈసారి ఎవరైనా వీడియో పంపితే ముందు తోక చూడండి.

సైజు సంగతి. ప్రపంచంలో ఉన్న చేపలన్నిటిలో ఇదే పెద్దది. నమ్మదగిన కొలతల్లో అన్నిటికంటే పెద్దది 18.8 మీటర్లు. అంటే మన ఆర్టీసీ బస్సు ఒకటిన్నర. మామూలుగా కనిపించేవి మాత్రం అందులో సగం కూడా ఉండవు. నోరు మీటరు పైనే వెడల్పు ఉంటుంది, నిండా వేల కొద్దీ పళ్లు. భయపడకండి, ఒక్కో పన్ను బియ్యపు గింజంత కూడా ఉండదు. ఆ పళ్లతో అది ఏమీ నమలదు. తినేదంతా వడగట్టుకుని తింటుంది. నీళ్లలో తేలే సన్నటి రొయ్యల్లాంటి జీవులు, చేప గుడ్లు, చిన్న చిన్న చేపలు, అంతే.

ఈ వడపోత భలే ఉంటుంది. మన ఇంట్లో టీ వడగట్టే జాలి తెలుసు కదా. నాలుగు కప్పులు వడగట్టేసరికి పొడి అడ్డం పడి నీళ్లు దిగవు. వేల్ షార్క్ జాలి అలా పనిచేస్తే రోజుకి పదిసార్లు నోరు కడుక్కోవాలి. అందుకే దాని గొంతులో నీళ్లు జాలికి ఎదురుగా వెళ్లి గుద్దుకోవు, జాలి పక్కగా జారుకుంటూ వెళ్తాయి. నీళ్లు మొప్పల్లోంచి బయటికి పోతాయి, తిండి మాత్రం ముద్దలా గొంతు వెనక్కి చేరుతుంది. అప్పుడు మింగేస్తుంది. ఎప్పుడైనా అడ్డం పడితే? దగ్గుతుంది! నిజంగానే. నీళ్లలో ఒక్క దగ్గు దగ్గి జాలి శుభ్రం చేసుకుంటుంది.

ఇంకోటి చెప్పి ముందుకెళ్తా. దీని కంటి మీద పళ్లు ఉంటాయి. 2020లో జపాన్‌లోని ఒకినావా వాళ్లు బయటపెట్టారు ఈ సంగతి. దీనికి కనురెప్ప లేదు. బదులుగా కనుగుడ్డు మీదే సన్నటి పొలుసులు ఉంటాయి. సొర పొలుసు అంటే నిర్మాణంలో పన్ను లాంటిదే. పైగా కావాలంటే కన్నుని లోపలికి లాక్కుంటుంది కూడా.

తిండి ఎక్కడుంటే అక్కడికి వెళ్లడం దీనికి బాగా తెలుసు. ఆస్ట్రేలియా పడమటి తీరంలో నింగలూ అనే పగడాల దిబ్బ ఉంది. అక్కడ పగడాలు మార్చి, ఏప్రిల్ నెలల్లో పెద్ద ఎత్తున గుడ్లు వదులుతాయి. సరిగ్గా ఆ రోజులకి వేల్ షార్క్‌లు వచ్చేస్తాయి. మెక్సికోలో యుకటాన్ దగ్గర 2009లో విమానం మీంచి చూసిన వాళ్లు ఒకే చోట 420 వేల్ షార్క్‌లని లెక్కపెట్టారు. అవి వచ్చింది ఒక రకం చిన్న ట్యూనా పెట్టిన గుడ్ల కోసం. బోనాలకి జనం వచ్చినట్టు వచ్చాయన్నమాట.

సరే, ఇక అసలు పాయింట్. ఇంత పెద్ద చేప పిల్లల్ని ఎలా కంటుంది?

1828లోనే ఆండ్రూ స్మిత్ అనే ఆయన దక్షిణాఫ్రికాలో దీనికి శాస్త్రీయంగా పేరు పెట్టాడు. కానీ ఇది గుడ్లు పెడుతుందా, పిల్లల్ని కంటుందా అన్నది ఆ తర్వాత నూట అరవై ఏళ్లు దాటినా తేలలేదు. 1953లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఒక వలలో పెద్ద గుడ్డు ఒకటి పడింది. లోపల 35 సెంటీమీటర్ల వేల్ షార్క్ పిల్ల, ప్రాణంతో. ఓహో, ఇది గుడ్లు పెట్టే చేప అని చాలామంది అనుకున్నారు. దశాబ్దాల పాటు అదే మాట నడిచింది.

1995లో తైవాన్‌లో వేటగాళ్లు ఒక ఆడ వేల్ షార్క్‌ని పట్టి చంపారు. పొడవు 10.6 మీటర్లు, బరువు 16 టన్నులు. కడుపు కోసి చూస్తే దాదాపు 300 పిల్లలు! కొన్ని ఇంకా గుడ్డు పెంకులోనే, కొన్ని పెంకు వదిలి ఈదడానికి రెడీగా. అంటే గుడ్లు తల్లి కడుపులోనే పొదిగి, పిల్లలు బయటికొస్తాయని తేలింది. అంతకుముందు గల్ఫ్‌లో దొరికిన గుడ్డు బహుశా నెలలు నిండకుండా పడిపోయింది అయ్యుంటుంది. ఆ 300లో కొన్నిటికి తర్వాత డీఎన్ఏ పరీక్ష చేశారు. 29 పిల్లల్ని చూస్తే అన్నిటికీ తండ్రి ఒక్కటే. కానీ పిల్లలు వేర్వేరు వయసుల్లో ఉన్నాయి. అంటే తల్లి ఒక్కసారి జతకట్టి, దాన్ని దాచుకుని, విడతలు విడతలుగా పిల్లల్ని తయారు చేసుకుంటూ ఉండొచ్చని శాస్త్రవేత్తలు అంటున్నారు.

ఒక్కటి గమనించారా? ఈ చేప పుట్టుక గురించి మనకి తెలిసిందంతా ఒక తల్లి శవం నుంచి వచ్చింది. సముద్రంలో వేల్ షార్క్ పిల్లల్ని కనడం శాస్త్రవేత్తలెవరూ ఇప్పటిదాకా చూడలేదు. చిట్టి పిల్లలు కనిపించడం కూడా బాగా అరుదు. 2009లో ఫిలిప్పీన్స్‌లో ఒక పిల్ల దొరికింది. ఎవరో తోకకి తాడు కట్టి ఒడ్డున కట్టేశారు, మేకపిల్లని కట్టేసినట్టు. పొడవు 38 సెంటీమీటర్లు. స్కూల్ స్కేలు కంటే కొంచెం పెద్దది. తాడు విప్పి లోతు నీళ్లలో వదిలిపెట్టారు.

ఇప్పుడు మీకు డౌట్ రావాలి. ఒక్కో కాన్పుకి 300 పిల్లలంటే బోలెడు కదా, మరి ఎందుకు తగ్గిపోతున్నాయి?

మన విశాఖ తీరంలో దొరికే కవ్వలు తీసుకోండి. ఏడాది తిరిగేసరికి గుడ్లకొస్తాయి. ఈ ఏడాది ఎక్కువ పట్టేసినా రెండు మూడేళ్లలో మళ్లీ పుంజుకునే అవకాశం ఉంటుంది. వేల్ షార్క్ అలా కాదు. అది పెద్దదవడానికే పాతికేళ్లు పైనే పడుతుందని అంచనా. మగవి ఎనిమిది తొమ్మిది మీటర్లు పెరిగాకే ఈడుకొస్తాయి. ఆడవి ఇంకా పెద్దవవ్వాలి. ఈ 300లో ఎన్ని బతుకుతాయి? నీలి సొర కడుపులో, మార్లిన్ చేప కడుపులో వేల్ షార్క్ పిల్లలు దొరికాయి. చిన్నప్పుడు అందరికీ ఆహారమే. అదృష్టం బాగుండి పాతికేళ్లు గడిపి, తల్లయ్యే దశకి వచ్చిన ఒక్క ఆడదాన్ని మీరు పట్టేశారనుకోండి, ఆ లోటు పూడాలంటే మళ్లీ పాతికేళ్లు ఆగాలి. ఎన్నేళ్లు బతుకుతుందో కూడా ఈ మధ్యే తెలిసింది. 1950ల్లో, 60ల్లో అణుబాంబు పరీక్షలు చేశారు కదా, ఆ రేడియోధార్మిక కార్బన్ సముద్రంలో కలిసి చేపల వెన్నుపూసల్లో చేరింది. ఆ గుర్తుని బట్టి 2020లో లెక్కేస్తే ఒక వేల్ షార్క్ చనిపోయేనాటికి 50 ఏళ్లది అని తేలింది. అంటే మనిషి లెక్కలో ఆలోచించాలి దీని గురించి, చేప లెక్కలో కాదు.

ఇప్పుడు గుజరాత్‌కి వద్దాం. సౌరాష్ట్ర తీరం, వేరావల్. అక్కడ ఈ చేపని ఏమని పిలిచేవాళ్లో తెలుసా? బ్యారెల్. అవును, పీపా! ఎందుకంటే దీనికి కొక్కెం గుచ్చి, ఆ కొక్కేలకి ఖాళీ ప్లాస్టిక్ పీపాలు కట్టేవాళ్లు. పీపాలు తేలుతుంటే చేప లోతుకి మునగలేదు. లాగి లాగి అలిసిపోయాక ఒడ్డుకి ఈడ్చుకొచ్చేవాళ్లు. ఎంత అలవాటైపోయిందంటే చేపకి పేరే పీపా అయిపోయింది.

ఎందుకు పట్టేవాళ్లు? మొదట కాలేయం కోసం. మామూలు చేపల ఒంట్లో తేలడానికి గాలితిత్తి ఉంటుంది. సొరలకి అది ఉండదు. అవి మునిగిపోకుండా కాపాడేది నూనెతో నిండిన పెద్ద కాలేయం. ఆ నూనె చెక్క పడవలకి పూస్తే నీళ్లు పట్టవు. పాత కాలం నుంచీ ఉన్న అలవాటే అది, ఏదో ఏడాదికి కొన్ని. కానీ 1990ల్లో మాంసానికి విదేశాల్లో గిరాకీ వచ్చింది. తైవాన్‌లో దీని పేరు టోఫు సొర, మాంసం అంత తెల్లగా, మెత్తగా ఉంటుందని. ఎగుమతి మొదలయ్యాక లెక్క మారిపోయింది. వందల్లో చంపారు.

ఒక్క విషయం ఇక్కడే చెప్పాలి. ఆ మత్స్యకారులని విలన్లుగా చూపించే వీడియోలు బోలెడు ఉన్నాయి. నాకు అది నచ్చదు. అప్పట్లో అది చట్టవిరుద్ధం కాదు. పట్టడం ప్రాణాలతో చెలగాటం. కొనేవాడు ఎక్కడో ఏసీ గదిలో ఉన్నాడు. సొర పిట్టు మన ఇళ్లలో ఎంత ఇష్టంగా తింటామో తెలుసు కదా, చేపని చేపలా చూడటంలో వింతేముంది వాళ్లకి?

మైక్ పాండే అనే డాక్యుమెంటరీ దర్శకుడు ఈ వేటని షూట్ చేసి 'షోర్స్ ఆఫ్ సైలెన్స్' అనే సినిమా తీశాడు. 2000లో బయటికొచ్చింది. గ్రీన్ ఆస్కార్ అని పిలిచే అవార్డు వచ్చింది దానికి. నెత్తురోడుతున్న ఆ చేపల్ని చూసి జనం కదిలిపోయారు. 2001 మే 28న మన ప్రభుత్వం వేల్ షార్క్‌ని వన్యప్రాణి రక్షణ చట్టంలో ఒకటో షెడ్యూల్‌లో పెట్టింది. పులికి, ఏనుగుకి ఉన్న రక్షణే దీనికీ. మన దేశంలో ఒక చేపకి అంతటి రక్షణ దొరకడం అదే మొదటిసారి. చంపితే మూడు నుంచి ఏడేళ్ల దాకా జైలు. మరుసటి ఏడాది అంతర్జాతీయ వ్యాపారం మీద కూడా సైటిస్ ఒప్పందం కింద ఆంక్షలు ఒప్పుకున్నారు.

ఇక్కడితో కథ అయిపోతే బాగుండేది. సినిమాల్లో అయితే చట్టం వచ్చాక శుభం కార్డు పడుతుంది. కానీ సముద్రంలో పోలీస్ స్టేషన్ ఉండదు కదా. తీరానికి ఎన్నో కిలోమీటర్ల దూరంలో నలుగురు మనుషులు, ఒక వల, ఒక చేప. ఎవడు చూడొచ్చాడు? పైగా ఇప్పుడు కావాలని పట్టకపోయినా వేరే చేపల కోసం వేసిన వలలో ఇది వచ్చి పడుతుంది. చట్టం "చంపొద్దు" అంటుంది. వల డబ్బులు ఎవరిస్తారో మాత్రం చెప్పదు.

2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, గుజరాత్ అటవీ శాఖ, టాటా కెమికల్స్ కలిసి ఒక ప్రచారం మొదలుపెట్టాయి. వాళ్లు చేసిన తెలివైన పని ఏంటంటే, ఎకాలజీ పాఠాలు చెప్పలేదు. రామకథలు చెప్పే మొరారి బాపుని తీసుకొచ్చారు. అక్కడి జనానికి ఆయనంటే చాలా గురి. ఆయన ఏమన్నాడంటే, ఈ చేప ఎంత దూరం నుంచో మన తీరానికి వస్తోంది, పురిటికి పుట్టింటికి వచ్చే ఆడపిల్లలాగ. ఇంటికొచ్చిన ఆడపిల్లని చంపుకుంటామా? ఊరూరా వీధి నాటకాలు వేశారు ఇదే కథతో. చేప పేరు మార్చేశారు. బ్యారెల్ పోయి వ్హాలీ వచ్చింది. గుజరాతీలో వ్హాలీ అంటే ప్రియమైనది, మన భాషలో బంగారుతల్లి అనుకోండి.

నిజంగా పురిటికే వస్తుందా అని అడిగితే, చెప్పాను కదా, ఆ కాన్పు ఎవరూ చూడలేదు. కాబట్టి ఆ కథ సైన్స్ రుజువు చేసిన మాట కాదు. కానీ 'పీపా'ని కోయడం తేలిక, 'బంగారుతల్లి'ని కోయడం కష్టం. పేర్ల విషయంలో లోకం ఎప్పుడూ తమాషాయే. కెన్యా తీరంలో దీన్ని పాపా షిలింగీ అంటారు, దేవుడు దీని వీపు మీద షిల్లింగు నాణేలు చల్లాడట, అవే ఈ చుక్కలట. మడగాస్కర్‌లో దీని పేరుకి అర్థం బోలెడు నక్షత్రాలు. వియత్నాం జాలర్లు చేప దొర అని మొక్కుతారు. తైవాన్‌లో టోఫు.

అయితే నా అభిప్రాయం ఒకటి. అందరూ ఈ ఆడపిల్ల సెంటిమెంట్ గురించే చెప్తారు, డబ్బు సంగతి దాటేస్తారు. వల కోసి చేపని వదిలితే గుజరాత్ అటవీ శాఖ 25,000 రూపాయల దాకా పరిహారం ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట్లో అధికారులు బోటేసుకుని వచ్చి చూసేదాకా ఆగాల్సి వచ్చేది. అప్పటిదాకా చేపా ఇబ్బందే, వేటా బందే. తర్వాత మత్స్యకారులకే కెమెరాలు ఇచ్చారు. వల కోస్తున్నట్టు ఫొటో తీసి చూపించు, డబ్బు తీసుకో. చిన్న మార్పే, కానీ దాంతో గంటల పని నిమిషాల్లోకి వచ్చింది. సెంటిమెంట్ మనసు మారుస్తుంది, నిజమే. కానీ మర్నాడు మళ్లీ వేటకెళ్లాలంటే వల కావాలి. పెద్ద వల పూర్తిగా పాడైతే ఆ 25,000 చాలదు కూడా.

ఇక్కడ మనకి సంబంధించిన ముక్క ఒకటి ఉంది. 'తండేల్' సినిమా చూశారా? నాగచైతన్యది. అందులో శ్రీకాకుళం కుర్రాళ్లు వేటకి ఎక్కడికెళ్తారు? గుజరాత్‌కే. 2018లో పాకిస్తాన్ వాళ్లకి పట్టుబడ్డ మన మత్స్యకారులు వేరావల్ నుంచి బయల్దేరిన బోట్లలోనే ఉన్నారు. 2020 లాక్‌డౌన్‌లో వేరావల్‌లో చిక్కుకుపోయిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్ని వేల మందిని బస్సుల్లో తీసుకొచ్చారు, గుర్తుందా? ఏటా సీజన్‌కి వెళ్లి అక్కడి బోట్లలో కూలికి పనిచేస్తారు. అంటే వ్హాలీ కథలో వల లాగే చేతుల్లో మనవాళ్ల చేతులు కూడా ఉంటాయి. వల బోటు ఓనరుది, పరిహారం వల ఓనరుకి. చలిలో నీళ్లలోకి వంగి, తోక దెబ్బ తగలకుండా చూసుకుంటూ తాడు తాడూ కోసేది మాత్రం కూలీ కుర్రాడు. ఈ చేప మీద వచ్చే వీడియోల్లో వాళ్ల ప్రస్తావన నాకెక్కడా కనపడలేదు, అందుకే చెప్తున్నా.

మన తీరంలో కూడా ఈ చేప ఉంది. 2021 డిసెంబరులో విశాఖకి దక్షిణంగా తంతడి బీచ్ దగ్గర ఒక వేల్ షార్క్ వలలో చిక్కి ఒడ్డుకి వచ్చింది. అటవీ శాఖ వాళ్లు, మత్స్యకారులు, వన్యప్రాణి ప్రేమికులు కలిసి దాన్ని మళ్లీ నీళ్లలోకి పంపారు. బతికి లోపలికి ఈదుకుంటూ వెళ్లిపోయింది. అప్పట్లో వార్తల్లో రెండు టన్నుల భారీ చేప అని రాశారు. ఇప్పుడు మీకు లెక్క తెలుసు కాబట్టి చెప్పండి, తైవాన్ తల్లి 16 టన్నులు. రెండు టన్నులంటే? ఇంకా ఈడుకి రాని పిల్ల! మనకి భారీ, వాళ్లింట్లో మాత్రం టీనేజర్. ఆ రోజు వాళ్లు కాపాడింది ఇంకా చాలా ఏళ్లు బతకాల్సిన ప్రాణాన్ని.

ఆ చేప ఫొటోల్ని మాల్దీవుల్లో వేల్ షార్క్‌ల మీద పనిచేసే పరిశోధకులకి పంపారు. ఎందుకో తెలుసా? చుక్కల కోసం. మన వేలిముద్రల్లాగ ఏ రెండు వేల్ షార్క్‌ల చుక్కలూ ఒక్కలా ఉండవు. ఎడమ పక్క, ఐదో మొప్ప చీలిక వెనక ఉండే చుక్కల్ని చూసి ఇది ఫలానా చేప అని చెప్పేయొచ్చు. కానీ వేల ఫొటోల్ని కళ్లతో ఎవరు పోల్చి చూస్తారు? ఇక్కడ అంతరిక్షం వచ్చింది కథలోకి. ఆకాశం ఫొటోల్లో ఒకే నక్షత్రాల గుంపుని గుర్తుపట్టడానికి 1986లో ఒక పద్ధతి కనిపెట్టారు. ఒక ప్రోగ్రామరు, ఒక ఖగోళ శాస్త్రవేత్త, ఒక సముద్ర జీవశాస్త్రవేత్త కలిసి కూర్చుని దాన్నే చేప చుక్కలకి వాడారు. రాత్రి ఆకాశంలో చుక్కలు, చేప వీపు మీద చుక్కలు, కంప్యూటర్‌కి రెండూ ఒకటే. మడగాస్కర్ వాళ్లు పెట్టిన పేరు ఎంత కరెక్టో చూడండి!

ఈ డేటాబేస్‌లో మొట్టమొదటి నంబరు నింగలూలో ఉండే ఒక చేపది. ముద్దుపేరు స్టంపీ, తోక కాస్త తెగి మొండిగా ఉంటుందని. 1995లో మొదట చూశారు, తర్వాత ఎన్నో ఏళ్లు మళ్లీ మళ్లీ కనిపించింది. ఇందులోకి వచ్చే ఫొటోల్లో బోలెడన్ని టూరిస్టులు తీసినవే. తైవాన్‌లో తల్లిని కోసి నేర్చుకున్న రోజులు పోయి, ఇప్పుడు మామూలు మనిషి కెమెరాతో నేర్చుకునే రోజులు వచ్చాయి.

ప్రమాదాలు పోలేదు సుమా. 2016లో దీన్ని అంతరించిపోయే ముప్పు ఉన్న జాబితాలోకి మార్చారు. గత 75 ఏళ్లలో సగానికి పైగా తగ్గాయని అంచనా. వేట చాలా దేశాల్లో ఆగింది, తైవాన్ కూడా 2008 నుంచి నిషేధించింది. మరి ఇప్పుడు చంపుతున్నది ఏంటి? ఓడలు. ఈ చేప దాదాపు రెండు కిలోమీటర్ల లోతుకి దిగగలదు. అక్కడ నీళ్లు ఐసులా ఉంటాయి. పైకొచ్చి గోరువెచ్చటి నీళ్లలో ఒళ్లు కాచుకుంటుందని, అందుకే గంటల తరబడి ఉపరితలం దగ్గర మెల్లగా ఈదుతుందని శాస్త్రవేత్తల ఆలోచన. అటువైపు పెద్ద కార్గో ఓడ వస్తుంటుంది. గుద్దితే ఓడలో ఉన్నవాళ్లకి తెలియను కూడా తెలియదు, చచ్చిన చేప మునిగిపోతుంది, సాక్ష్యం ఉండదు. 2022లో దాదాపు 350 వేల్ షార్క్‌లకి పెట్టిన శాటిలైట్ ట్యాగుల్ని ఓడల దారులతో పోల్చి చూశారు. అవి తిరిగే చోట్లలో 92 శాతం పెద్ద ఓడలు తిరిగే చోట్లే. చాలా ట్యాగులు రద్దీ ఓడ దారుల్లో ఉండగా హఠాత్తుగా ఆగిపోయాయి. వలకైతే కత్తి ఉంది, కోస్తాం. ఓడని నెమ్మదిగా నడపమని చెప్పాలంటే దేశాలు కూర్చుని మాట్లాడుకోవాలి. అది ఇంకో పెద్ద టాపిక్, ఇంకోసారి.

ఇప్పుడు మీ ఫోన్ సంగతి. మీరు భీమిలిలోనో, బాపట్లలోనో, ఇంకెక్కడో బీచ్‌లో ఉండగా ఇలాంటి చేప ఒడ్డుకొచ్చింది అనుకోండి. ఫస్ట్ అటవీ శాఖకి ఫోన్ చేయండి, చేయించండి. దాని మీద ఎక్కి సెల్ఫీ వద్దు. అది చేప, నీళ్లు లేకపోతే మొప్పలు పనిచేయవు, పైగా సొంత బరువుకే లోపలి భాగాలు నలిగిపోతాయి. ప్రతి నిమిషం లెక్కే. అక్కడున్న మత్స్యకారులు చెప్పినట్టు చేయండి, కెరటాల సంగతి మనకంటే వాళ్లకి బాగా తెలుసు. వాళ్ల వల కోయాల్సి వస్తే, కోస్తుండగా ఆ వలని కూడా వీడియో తీయండి. ఎవరిది, ఎంత పాడైంది అన్నీ కనపడేలా. రేపు వాళ్లు పరిహారం అడగడానికి ఆ వీడియో పనికొస్తుంది. మన చానెళ్లలో చేప ఎంత పొడవు, ఎంత బరువు అని చెప్తారు తప్ప వల ఎవరిదో ఎవరూ అడగరు.

చేపకి ఒక్క ఫొటో చాలు. ఎడమ వైపు నుంచి, మొప్పల చీలికల వెనక, ముందు రెక్క పైన ఉన్న చుక్కలు క్లియర్‌గా కనపడాలి. ఫిల్టర్లు పెట్టకండి, చుక్కలు మారిపోతే కంప్యూటర్‌కి ఏమీ అర్థం కాదు. తేదీ, చోటు రాసి పెట్టి అటవీ శాఖ వాళ్లకి ఇవ్వండి.

సరే ఫ్రెండ్స్, ఇవాళ్టికి ఇంతే. శ్రీకాకుళం వైపు నుంచి వేరావల్ వెళ్లొచ్చిన అన్నలు, బాబాయిలు ఎవరైనా ఇది వింటుంటే, మీ బోటు వలలో ఎప్పుడైనా వ్హాలీ పడిందా, మీరేం చేశారో నాకు చెప్పండి. మీ గొంతుతోనే ఒక ఎపిసోడ్ చేద్దాం. ఉంటా మరి.